మెతుకు పట్టి చూచువారు

పొయ్యి రాజకముందే పల్లెలోని ఒక ఇంటి వాకిట త్రాసు పట్టుకొని ఒకరు నిలిచెడివారు. ఇల్లాలు చేటలో పోసిన బియ్యమును, పప్పును, చింతపండును, గరిటెడు నూనెను సైతము తూచి పుస్తకములో వ్రాసికొనెడివారు. వంట అయిన పిదప ఎవరి కంచములో ఎంత పడినదని అడిగెడివారు. పిల్లల ఎత్తు, బరువు కొలిచి, కనుగుడ్డుపై నురుగువంటి మచ్చ ఏమైన నున్నదేమోయని పరీక్షించెడివారు. విటమిను 'ఎ' లోపమునకు ఆ మచ్చ గుర్తు. 1972 మొదలు 2015 వరకు సుమారు పది రాష్ట్రములలో ఈ పని చేసినది జాతీయ పోషణ పర్యవేక్షణ బ్యూరో. దాని కేంద్రము హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ.

ఈ సంస్థ పుట్టుక 1918లో నీలగిరులలోని కూనూరులో జరిగినది. బెరిబెరి వ్యాధిని విచారించుటకు ఏర్పడిన చిన్న శాఖ అది. 1958లో హైదరాబాదు చేరినది. 1969లో ఇప్పటి పేరు వచ్చినది. సి. గోపాలన్ సంచాలకులుగా నున్న కాలముననే బ్యూరో వెలసినది.

తూచి వ్రాసిన లెక్కల వలన ఏమి ఒరిగినదని విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. 1960 దశకములో ప్రపంచమంతట ఒక మాట వినబడుచుండెడిది: పేద దేశముల పిల్లలకు ప్రోటీను చాలుట లేదు, కనుక ప్రోటీను పొడులు, ప్రత్యేక మిశ్రమములు తయారుచేసి పంచవలెను. పెద్ద పెద్ద సంస్థలే ఆ మాట చెప్పినవి. హైదరాబాదు పరిశోధకులు పేదల ఇండ్లలో పిల్లలు నిజముగా తినుచున్నదేమో చూచిరి. అన్నము, జొన్న సంకటి, కొంచెము పప్పు తినెడి పిల్లవాడు అదే ఆహారమును కడుపునిండ తినగలిగినచో ప్రోటీను కూడ చాలవరకు సమకూరునని తేలినది. కొరత మొదట అన్నపు రాశిలోనే ఉన్నది. పొడికి పెట్టు డబ్బుతో పిల్లవానికి మరి రెండు ముద్దలు పెట్టవచ్చునన్నమాట. ఆకలిని మందుల దుకాణమునుండి మరల వంటయింటికి చేర్చిన ఘనత ఆ త్రాసుదే. విటమిను 'ఎ' లోపము వలన పిల్లలు గ్రుడ్డివారు కాకుండ ఆరు మాసముల కొకసారి ఆ మందును పెద్ద మోతాదులో ఇచ్చు జాతీయ పథకము 1970లో మొదలైనదన్నను, దాని వెనుక నున్నవి ఇట్టి పరిశీలనలే.

ఇన్ని కోట్ల ఇండ్లకు వెళ్లకయే దేశపు స్థితి చెప్పుట ఎట్లు? అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో అందురు. నమూనా సర్వే సూత్రమునకు ఇంతకంటె చక్కని పోలిక లేదు. అయితే ఈ పోలికలో ఒక మోసము కలదు. కుండలోని మెతుకులన్నియు ఒకే జాతివి, ఒకే నీట ఉడికినవి. ఊరు అట్టిది కాదు. రచ్చబండ దగ్గరి నాలుగు ఇండ్లు చూచి ఊరంతటిని నిర్ణయించిన, ఊరి చివరి పేట లెక్కలోనికి రాదు. ఏ మెతుకు పట్టవలెననునది చూచువాని ఇష్టమునకు విడువరాదు. మహలనోబిస్ నాయకత్వమున 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వేకు ఇదియే పునాది. ఆయన మరియొక కట్టుబాటు కూడ చేసెను: ఒకే ప్రాంతమునకు రెండు బృందములు వేరువేరుగ వెళ్లి లెక్క తెచ్చుట. రెండింటికి గల భేదమే పొరపాటు ఎంతయో బయటపెట్టును. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, 1941లో కలకత్తా వెళ్లి మహలనోబిస్ నెలకొల్పిన భారత గణాంక సంస్థలో చేరిన సి. ఆర్. రావు ఈ శాస్త్రమున ప్రపంచప్రఖ్యాతుడగుట తెలుగువారెరుగుదురు.

ఇంత పేరున్న సంప్రదాయము ఇటీవల తడబడినది. నిరుద్యోగముపై 2017-18 సర్వే నివేదిక వెలువడుటలో జాప్యము జరుగగా, 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషను సభ్యులిద్దరు రాజీనామా చేసిరి. ఎన్నికలు ముగిసిన పిదప మే నెలలో నివేదిక వచ్చినది. నిరుద్యోగము నూటికి 6.1 అని అందులో ఉన్నది. అదే సంవత్సరము నవంబరులో, కుటుంబముల వ్యయముపై జరిగిన 2017-18 సర్వేను ప్రకటింపబోమని ప్రభుత్వము తెలిపినది. లెక్కల నాణ్యత బాగుగా లేదని కారణము చెప్పబడినది. కావచ్చును. లోపములు లేని సర్వే ఎక్కడను లేదు. కాని తప్పులున్న జవాబుపత్రమును ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దును గాని పొయ్యిలో వేయడు. లోపములతోనే దానిని ప్రకటించి, ఆ లోపములేవియో పండితులను చూడనిచ్చినచో నష్టమేమి? మరుసటి వ్యయ సర్వే 2022-23లో జరిగి, దాని ముఖ్యాంశములు 2024 ఫిబ్రవరిలో వెలువడినవి. పద్ధతి కూడ మారినందున పాతదానితో సరిపోల్చుట కష్టమైనది. 2011-12 తరువాత పది సంవత్సరములపైన, కోవిడ్ కాలముతో సహా, పేదల ఖర్చును గూర్చిన అధికారిక వ్యయ సర్వే ఏదియు ప్రజల చేతికి రాలేదు.

జనాభా లెక్కల సంగతి ఇంకను సూటియైనది. 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము పల్లెలలో నూటికి 75 మందికి, పట్టణములలో నూటికి 50 మందికి మించకుండ చౌకధాన్యము లభించును. నూటికి ఇంత యన్న దేనిలో నూరు? 2011 జనాభాలో. ఆనాటి 121 కోట్లకు లెక్క కట్టగా సుమారు 81 కోట్లమంది తేలిరి. 2021లో జరుగవలసిన లెక్కలు వాయిదా పడినవి. దేశమున అధిక భాగమునకు 2027 మార్చి 1 ఆధారదినమని 2025లో ప్రకటన వెలువడినది. ఈలోగ జనము పెరిగినది, పరిమితి పెరుగలేదు. ఇట్లు పదికోట్లకు పైబడినవారు చౌకధాన్యమునకు దూరమైరని 2020లోనే ఆర్థికవేత్తలు అంచనా వేసిరి. ఆలస్యమైన లెక్కకు వెల చెల్లించినవాడు లెక్కలు వ్రాయువాడు కాదు, దుకాణము ముందు సంచితో నిలిచినవాడు.

బ్యూరో మూతపడిన తరువాత పోషణపై సర్వేలు లేకపోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పిల్లల ఎత్తును, బరువును కొలుచుచున్నది. ఆ పని విలువైనది. వ్యయ సర్వే ఇంటికి ఎంత బియ్యము వచ్చినదో చెప్పును. ఒకటి ఫలితమును చూపును, మరియొకటి కొనుగోలును చూపును. నడుమ నున్నది కంచము. ఇంటికి వచ్చిన బియ్యములో తండ్రికెంత, కొడుకుకెంత, అందరు తిన్నపిదప కుండ అడుగు గీకుకొను ఆడపిల్లకెంత అనునది అంగడి చీటీలో ఉండదు. బ్యూరో అడిగినది ఆ ప్రశ్ననే. అదియు ఒక పర్యాయము కాదు, అవే రాష్ట్రములలో మరల మరల, నలుబది సంవత్సరములకు పైగా. అప్పుడప్పుడు జరుగు సర్వే ఎంత పెద్దదైనను ఆ వరుసకు సాటిరాదు. మధ్యాహ్న భోజనములో పిల్లకు ఎన్ని గ్రాముల బియ్యము, ఎంత పప్పు వండవలెనో నిర్ణయించు అధికారికి, ఆ పిల్ల ఇంటివద్ద రాత్రి తిన్నదెంతయో తెలియవలెను గదా.