గొంతులో సీతాకోకచిలుక

తిరువూరు నుంచి ఒక చిన్నారి ఇలా అడిగింది: "మా అమ్మకు థైరాయిడ్ తక్కువగా ఉందని డాక్టరుగారు చెప్పారు. అమ్మ నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. గొంతులో ఉండే గ్రంథికీ ఊపిరికీ సంబంధం ఏమిటి?"

మంచి ప్రశ్న అడిగావమ్మా! పిల్లలూ, కమ్మరి కొలిమిలో నిప్పు ఎంత బాగా మండాలంటే తిత్తి అంత జోరుగా ఊదాలి. మన ఒంట్లోనూ అంతే. ప్రతి కణమూ తిన్న తిండిని ప్రాణవాయువుతో నెమ్మదిగా మండించి శక్తి పుట్టించుకుంటుంది. ప్రాణవాయువును లోపలికి తెచ్చేదీ, బొగ్గుపులుసు వాయువును బయటికి పంపేదీ ఊపిరే. అంటే ఊపిరితిత్తులు మన కొలిమి తిత్తులన్నమాట!

మరి మంట ఎంత ఉండాలో చెప్పేదెవరు? కంఠంలో, గాలిగొట్టానికి ముందు, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి. ఇది థైరాక్సిన్ అనే రసాన్ని నెత్తురులోకి వదులుతుంది. ఆ రసం ఎక్కువైతే మంట పెరిగి, గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగమవుతుంది. తక్కువైతే మంట మందగిస్తుంది, కండరాలు నీరసిస్తాయి. అందుకే చిన్న పనికే ఆయాసం. జబ్బు బాగా ముదిరితే ఊపిరే నెమ్మదిస్తుంది. డాక్టరు చెప్పిన మాత్ర రోజూ వేసుకుంటే మంట మళ్ళీ సరిపడుతుంది.

1895లో మాగ్నస్ లెవీ అనే జర్మన్ వైద్యుడు రోగులు వాడుకునే ప్రాణవాయువును కొలిచి ఈ సంబంధం కనిపెట్టాడు. తగిన రక్తపరీక్షలు రాకముందు వైద్యులు ఊపిరిని కొలిచే ఈ గ్రంథి సంగతి తెలుసుకునేవారు!

థైరాక్సిన్ తయారీకి అయోడిన్ కావాలి. అది చాలకపోతే గ్రంథి వాచి గళగండం అవుతుంది. మరీ పెద్దదైతే గాలిగొట్టాన్నే నొక్కుతుంది. హిమాలయాల దాపున కాంగ్రా లోయలో ఈ బాధ చాలామందికి ఉండేది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన తోటివారు 1956లో అక్కడ ఒక పరీక్ష మొదలుపెట్టారు. లోయలో రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్ళకు ఆ రెండు భాగాల్లోనూ గళగండం బాగా తగ్గింది. 1962లో భారత ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ పథకం ప్రారంభించింది.

మీ ఇంటి ఉప్పు పొట్లం మీద "అయోడిన్" అనే మాట ఉందేమో చూడండి. ఉప్పు డబ్బా మూత బిగించి ఉంచండి. కాని ఒక్క సంగతి: ఉప్పు మాత్రకు బదులు కాదు. అమ్మ మాత్ర వేసుకున్నదో లేదో రోజూ ఉదయం అడగడం మీ పని!