ఊడిన బీడింగుకి కారు అమ్మేస్తారా?

ఈసారి పోస్టు చందాల గురించీ, పిక్నిక్ గురించీ కాదు, పాత కార్ల గురించి. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

మన డొరగుడలో గానీ, రాయగడ, కొరాపుట్ వైపు గానీ పదిహేనేళ్ళు దాటిన కార్లు ఇంకా చాలా ఇళ్ళ ముందు ఉన్నాయి. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఇంజను బాగుంటుంది, ఘాటీ ఎక్కుతుంది. తలుపు మీది బీడింగు మాత్రం ఊడి వేలాడుతుంది, బంపరు మూల చీలి ఉంటుంది. అది చూసి ఇంట్లో పిల్లలు "పరువు పోతోంది నాన్నా, ఎంతొస్తే అంతకి ఇచ్చేద్దాం" అంటారు. నా పేచీ ఆ మాటతోనే. పింఛను మీద బతికే ఇంట్లో కారు ఒకసారి పోతే ఇంకోటి రాదు. అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఘాటీ దిగి విశాఖ కేజీహెచ్ దాకా వెళ్ళాల్సింది ఆ బండిలోనే కదా!

అలాగని ఊడినదాన్ని అలా వదిలేయమనీ అనను. చాలా బండ్లలో బీడింగు వెనక రేకుకి క్లిప్పు కన్నాలుంటాయి. బీడింగు పోతే మన వానాకాలం నీళ్ళు ఆ కన్నాల్లోంచి లోపలికి దిగి, తలుపు అడుగు నుంచి తుప్పు తింటుంది. బీడింగు పని వందల్లో తేలుతుంది, రేకు పని వేలల్లోకి పోతుంది. పైగా పదిహేనేళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండి చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజే 600 నుంచి 5000 అయింది. అంత కట్టి తుప్పు బండి పట్టుకెళ్తామా?

మూల చీలిందంటే చాలు, చాలా షెడ్లలో బంపరంతా మార్చాలంటారు. నా లెక్కలో చాలావరకు ఇంట్లోనే అతుకుతుంది. కాకపోతే ముందు ముక్కని తిరగేసి చూడాలి. వెనక అచ్చులో ఏబీఎస్ అనో, పీపీ అనో ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అక్షరాలు అరిగిపోతే చిన్న పెచ్చు గీకి నీళ్ళలో వేయండి. మామూలుగా పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. ఏబీఎస్ అయితే వెనకవైపు గరుకు కాగితంతో రుద్ది, సన్న జాలీ గుడ్డ పరిచి అరల్డైట్ పూసి ఒక రోజు కదపకుండా ఉంచండి. పీపీకి అరల్డైట్ పట్టదు, ఫెవిక్విక్ కూడా నిలవదు. మనవాళ్ళు ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. దానికి సోల్డరింగ్ ఐరన్ కావాలి. చీలిక వెనక స్టీలు జాలీ ముక్క పెట్టి, వేడితో ప్లాస్టిక్‌లోకి దింపాలి. పొగ వస్తుంది కాబట్టి వరండాలో చేసుకోండి, వంటింట్లో వద్దు. ఇంట్లో గొడవలకి సంఘం బాధ్యత వహించదు.

టేపుతో అతికే బీడింగుకి ఓపికే సగం పని. పాత జిగురు పూర్తిగా తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు వేయాలి. మన చలికాలం పొద్దున్న వేస్తే పట్టదు. మధ్యాహ్నం రేకు వెచ్చబడ్డాక వేసి, మర్నాటి దాకా కడగకండి. క్లిప్పు కన్నాల చుట్టూ తుప్పుంటే గీకి ప్రైమరు వేశాకే బీడింగు బిగించాలి.

బంపరుని ఛాసిస్‌కి పట్టే బ్రాకెట్టు విరిగినా, హెడ్‌లైట్ దిమ్మ కదిలినా ఇంట్లో ముట్టుకోకండి, నేరుగా మెకానిక్ దగ్గరకే. చక్రం పైన వేలాడే ముక్కని తీగతో కట్టి ఘాటీ ఎక్కేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది టైరుకి రాసుకుంటుంది, లేదా ఊడి వెనక బైకువాడి మీద పడుతుంది.

సోల్డరింగ్ ఐరన్ ఒకటి సంఘం ఆఫీసులో పెడితే తలా ఒకటి కొనక్కర్లేదు. వచ్చే మీటింగులో ఈ మాట అడుగుతాను, మద్దతివ్వండి. ఈలోగా క్లిప్పుల కోసం జయపురమో విశాఖో వెళ్ళేవాళ్ళు విరిగిన క్లిప్పయినా సరే, ఒకటి జేబులో వేసుకెళ్ళండి. బండి పేరు చెప్తే దుకాణంవాడు నాలుగు సైజులు ముందు పెడతాడు.