కారుకు తగ్గ టైరట!

జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ముందు పొద్దున్నే కాసేపు నిలబడండి. షోరూమ్ నుంచి నేరుగా వచ్చిన కొత్త కారొకటి ఉంటుంది. బానెట్ మీద పసుపు కుంకుమలు, ముందు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. హారతి అయ్యాక బండి ఒక్క మూర ముందుకు కదులుతుంది. నిమ్మకాయలు సరిగ్గా నలిగాయో లేదో యజమాని, ఇల్లాలు, పిల్లలు, డ్రైవరు అందరూ వంగి చూస్తారు. కోట్ల ఖరీదు చేసే కారుకైనా అంతే. ఆ ఇంట్లో మళ్లీ ఎవరైనా టైరు వంక అంత శ్రద్ధగా చూసేది అది పేలిన రోజునే.

పేలో, అరిగో, పక్కన బుడగ లేచో కొత్త టైర్లు వేయించాల్సి వచ్చినప్పుడు ఫిల్మ్‌నగర్ నుంచి చెక్‌పోస్ట్ దాకా ఎవరిని అడిగినా ఒకటే సలహా: "కారుకు తగ్గ టైరు వేయించండి సార్." దీని అర్థం అందరికీ తెలుసు. కంపెనీ కారుతో ఇచ్చిన టైరే కావాలి, గోడ మీద అదే గుర్తు ఉండాలి, విదేశం నుంచి వచ్చిందై ఉండాలి. వీలైతే ఇంకాస్త వెడల్పు, ఇంకో అంగుళం పెద్ద రిమ్ము. డబ్బుకు వెనకాడకపోతే రేసు ట్రాక్ రకం. అంతకన్నా తగ్గితే కారుకు అవమానం, నలుగురిలో మనకు నామోషీ. ఈ మాట వినీ వినీ ఇప్పుడు రాయక తప్పడం లేదు. టైరును దారిని చూసి కొనాలి. కారు జర్మనీదో ఇటలీదో అయ్యుండొచ్చు, దారి మాత్రం రోడ్ నంబర్ 45.

ఆ దారి సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పాలా? బండరాళ్ల గుట్టల్ని చెక్కి వేసుకున్న రోడ్లివి. ఎక్కడ చూసినా ఎత్తుపల్లాలే. ఏడాది పొడుగునా ఎక్కడో ఒక ఇల్లు కూలుతుంటుంది, దాని స్థానంలో ఇంకోటి లేస్తుంటుంది. టిప్పర్లు మలుపు మలుపునా ఇసుకో కంకరో రాల్చుకుంటూ పోతాయి. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు కన్నా రెండంగుళాలు పైనో కిందో ఉంటాయి. స్పీడ్ బ్రేకరుకు రంగు వేసి ఉంటే ఆ రోజు మనది మంచి నక్షత్రం. వాన పడితే గుట్ట మీది మట్టినంతా మోసుకొచ్చి నీళ్లు పల్లంలో నిలుస్తాయి. 2021 వినాయక చవితి రాత్రి కేబుల్ బ్రిడ్జి దాటాక సాయి ధరమ్ తేజ్ బైకు జారినప్పుడు అందరి నోటా నలిగింది రోడ్డు మీది ఇసుకే. బైకుకు రెండు చక్రాలు, కారుకు నాలుగు. ఇసుకకు ఆ తేడా పట్టదు.

ఇలాంటి చోట టైరు గోడ మీద 'వై' అక్షరం ఉండి తీరాలని పట్టుబట్టేవాళ్లున్నారు. వై అంటే గంటకు 300 కిలోమీటర్లకు సరిపడే టైరని. కంపెనీ చెప్పిన స్పీడ్ రేటింగ్‌కు తగ్గించమని నేను అనను. అది బీమాతోనూ ప్రాణంతోనూ ముడిపడిన విషయం. కానీ కేబుల్ బ్రిడ్జి తెరిచినప్పుడు పెట్టిన వేగపరిమితి 35. అవుటర్ రింగ్ రోడ్డు మీద చట్టం ఇచ్చేది 120. రోజూ పనికొచ్చే గుణాలు వేరే ఉన్నాయి: గుంతను ఓర్చుకోవడం, నీళ్లలో పట్టు తప్పకపోవడం, మే నెల ఎండకు తట్టుకోవడం. ఆ అక్షరం వాటిలో ఒక్కదాని గురించీ ఏమీ చెప్పదు.

గుంత దగ్గరే కొంచెం ఆగుదాం. టైరు గోడ మీది అంకెలు చదవడం కష్టమేమీ కాదు. 325/30 ఆర్23 అంటే వెడల్పు 325 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 30 శాతం, రిమ్ము 23 అంగుళాలు. గుణిస్తే గోడ 97.5 మిల్లీమీటర్లు. లాంబోర్గిని ఉరుస్‌కు అదనపు సొమ్ము పోసి పెద్ద రిమ్ములు ఎంచుకుంటే వెనక వచ్చే టైరు ఇదే. 2021లో జూనియర్ ఎన్టీఆర్ ఈ కారులో దేశానికి తొలి గ్రాఫైట్ క్యాప్స్యూల్ ఎడిషన్ తెప్పించుకున్నప్పటి నుంచి ఉరుస్ పేరు తెలియని కుర్రాడు ఫిల్మ్‌నగర్‌లో లేడు. బండి బరువు రెండు టన్నుల పైమాట. టన్ను కూడా తూగని మారుతి స్విఫ్ట్‌కు 185/65 ఆర్15 వేస్తారు. దాని గోడ 120 మిల్లీమీటర్లు. రెండింతల బరువు మోసేదానికి మెత్త తక్కువ, తేలికదానికి ఎక్కువ. గుంతలో పడ్డప్పుడు రోడ్డు అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగేది ఆ గోడే. లోపలి దారాలు తెగుతాయి, తెగినచోట గాలి తోసుకొచ్చి బుడగ లేస్తుంది. దానికి ప్యాచ్ లేదు, వైద్యం లేదు, టైరు పారేయాల్సిందే. పైగా ఈ జాతి కార్లలో చాలావాటికి స్టెపినీ ఉండదు. డిక్కీలో చిన్న గాలి మోటారు, ఒక జిగురు డబ్బా ఉంటాయి. గోడ చిరిగితే ఆ డబ్బాతో ఒరిగేదేమీ లేదు.

"కంపెనీవాళ్లకు తెలియదా, వాళ్ల కన్నా మీరు గొప్పా?" అని అడుగుతారు. వాళ్లకు బాగా తెలుసు. అందుకే అదే ఉరుస్‌కు 21 అంగుళాల రిమ్ము, 315/40 టైరు కూడా వాళ్లే పెట్టారు. దాని గోడ 126 మిల్లీమీటర్లు. కారు అదే, ఇంజను అదే, కిందనున్న రబ్బరు మాత్రం ఒక అంగుళం పైన పెరిగింది. ఫోటోలో కాస్త తక్కువగా కనిపిస్తుంది, అదొక్కటే లోటు. కంపెనీ మాటే వేదమనేవాళ్లు ఈ పేజీ ఎందుకు తిప్పేస్తారో నాకు అంతుపట్టదు. రన్‌ఫ్లాట్ టైర్ల మీది మోజూ ఇలాంటిదే. గాలి పోయినా 80 కిలోమీటర్ల వేగంతో ఇంకో 80 కిలోమీటర్లు వెళ్లొచ్చన్న మాట నిజం. ఆ గట్టి గోడ గుంత దెబ్బను తాను మింగకుండా తిన్నగా రిమ్ముకు అందిస్తుందన్నదీ నిజమే. పంక్చర్ షాపు వీధికొకటి ఉన్న ఊళ్లో ఈ బేరం ఎవరికి లాభమో చూసుకోవాలి.

ఇక వెడల్పు. వెడల్పు పెరిగితే పట్టు పెరుగుతుందనేది అందరూ నమ్మే లెక్క. ఒక్కో చక్రం మీద 550 కిలోల బరువుందనుకోండి. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోల లెక్కన మోస్తుంటే నేలను తాకే మేర సుమారు 220 చదరపు సెంటీమీటర్లు. చేతులు రెండూ పక్కపక్కన ఆనిస్తే ఎంతో దాదాపు అంత. టైరు వెడల్పు పెంచినా బరువు, గాలి మారలేదు కాబట్టి ఆ మేర పెద్దగా పెరగదు. అడ్డంగా సాగి, నిలువున కురచ అవుతుంది. మలుపుల్లో దానివల్ల మేలుంది, కాదనను. వానలో మాత్రం అదే శాపం. పక్కకు తోయాల్సిన నీళ్లు ఎక్కువ, తోయడానికి దొరికే సమయం తక్కువ. వెడల్పాటి టైరు నీటి మీద ముందుగా తేలుతుంది, తేలిన కారుకు స్టీరింగూ బ్రేకూ ఉన్నా లేనట్టే. చట్టం గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. జూలై వానలో ఆ లోతుతో వెడల్పాటి టైరు మీద చెక్‌పోస్ట్ దిగువకు దిగేవాడికి నిమ్మకాయలు నాలుగు చాలవు.

రేసు రకం టైర్ల మీద వ్యామోహానికి హైదరాబాదే జవాబు చెప్పింది, ఎవరూ వినలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. ప్రపంచ స్థాయి రేసు ఈ ఊరికి రావడం అదే మొదలు. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జనం కార్లను చూశారు, తారలను చూశారు, కెమెరాలూ అటే తిరిగాయి. టైర్లను చూసినవాళ్లు తక్కువ. ఆ కార్లన్నీ పరుగెత్తింది గాళ్లున్న హాంకూక్ టైర్ల మీద. ఎండకూ వానకూ ఒకటే టైరు, మార్చేది లేదు. నగర వీధుల్లో నడపాలంటే ఏం కావాలో రేసువాళ్లకే అంత స్పష్టంగా తెలిస్తే, పాల ప్యాకెట్టు కోసం బయటికెళ్లే పోర్షాకు గాళ్లు సగం లేని ట్రాక్ టైరు ఎందుకు? ఆ రబ్బరు బాగా వేడెక్కితే తప్ప పట్టు ఇవ్వదు. జనవరి తెల్లవారుజామున సెల్లార్ నుంచి బయటికి తీసి మొదటి మలుపు తిప్పేటప్పుడు అది మామూలు టైరు కన్నా అధ్వానం. రేసుల మీద ప్రేముంటే రేసు దారిలోనే తీర్చుకోవాలి. నాగ చైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు కొన్నారు. మోజుకు అదొక మర్యాదైన దారి.

ఎదుటివాళ్ల దగ్గరున్న గట్టి వాదం గుర్తులది. పోర్షా టైరు గోడ మీద 'ఎన్', బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు 'ఎంఓ'. కార్ల కంపెనీ, టైర్ల కంపెనీ కలిసి కూర్చుని ఆ కారు కోసం ఆ టైరును తీర్చిదిద్దాయని దాని అర్థం. ఉత్తి ప్రచారమని కొట్టిపారేస్తే అబద్ధమవుతుంది. గుర్తున్న టైరు సరైన సైజులో, తాజాగా దొరికితే నేనూ అదే కొంటాను. తాజాగా అన్న మాటతోనే చిక్కు. 2020 జూన్ నుంచి మన దేశంలోకి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు ఉండాలి. ఐఎస్ఐ ముద్ర అంతకుముందు నుంచే తప్పనిసరి. 305/30 ఆర్21 లాంటి సైజులు ఊరికి ఎన్ని అమ్ముడుపోతాయి? ఏ గోదాములోనో ఏళ్ల తరబడి దొర్లిన సరుకు, గుర్తున్న ఒకే ఒక్క కారణంతో, సెట్టు లక్షల్లో పలుకుతుంది. గుర్తు మీద వయసు రాసి ఉండదు. మంచి పేరున్న కంపెనీది, ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ తగ్గనిది, ఈ ఏడాదే తయారైనది, గుర్తు లేనిది దొరికితే దాన్ని వద్దని పాతదాన్ని ముద్దాడటంలో తర్కం లేదు. ఇక మనవాళ్ల టైరంటేనే ముఖం చిట్లించేవాళ్లు. ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ మన సదాశివపేటలోనే ఉంది. అపోలో వాళ్లు వ్రెడెస్టీన్ అనే డచ్చి కంపెనీని 2009లోనే కొని, 2021 నుంచి ఆ పేరు మీద పెద్ద రిమ్ముల టైర్లు ఇక్కడ అమ్ముతున్నారు. ఈ కబురు జూబ్లీహిల్స్ కొండ ఎక్కినట్టు లేదు. ఒక్క జాగ్రత్త: పొదుపు పేరుతో ముందు ఒక కంపెనీ, వెనక ఇంకొకటి వేయకూడదు. నాలుగు చక్రాలకూ శక్తి పోయే బండిలో కొత్త టైరుకూ అరిగిన టైరుకూ చుట్టుకొలత తేడా ఎక్కువైతే గేర్ల పెట్టె మూల్యం చెల్లిస్తుంది.

నిజానికి ఇక్కడి ఖరీదైన కార్ల టైర్లు అరిగి చావవు, ముసలితనంతో చస్తాయి. ఇంట్లో నాలుగైదు కార్లుంటాయి. ఈ ముద్దుల కారు ఆదివారం తెల్లవారుజామున అవుటర్ దాకా వెళ్లొచ్చి మళ్లీ ముసుగు కప్పుకుంటుంది. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు. గాళ్లు నిండుగా ఉంటాయి, అందరికీ ధైర్యం. రబ్బరుకు పాడవకుండా మైనం లాంటి మందులు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అవి పైకొచ్చి పూతలా పట్టుకుంటాయి. కదలని టైరు ఆ రక్షణ లేకుండా మన వేసవిలో ఎండిపోతుంది. 2013 నవంబరులో పాల్ వాకర్ ప్రయాణించిన పోర్షా కరెరా జీటీ గుర్తుందా? 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' నటుడి పేరు ఫిల్మ్‌నగర్‌కు పరిచయం చేయనక్కర్లేదు. స్నేహితుడు నడిపిన ఆ కారు గంటకు 130 నుంచి 150 కిలోమీటర్ల మధ్య పోతుండగా అదుపు తప్పి ఇద్దరూ పోయారు. దర్యాప్తులో అసలు కారణం వేగమేనని తేల్చారు. టైర్ల వయసు తొమ్మిదేళ్లని, బండి అదుపును అది దెబ్బతీసి ఉండొచ్చని కూడా రాశారు. అంతటి కారు, అంత ముసలి రబ్బరు.

వయసు తెలుసుకోవడం క్షణం పని. గోడ మీద 'డాట్' అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడాలి. 2219 అంటే 2019లో 22వ వారం. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లు దాటితే గాడి ఎంతున్నా మార్చమంటాయి. నైట్రోజన్ గురించి అరగంట ఉపన్యసించే మనిషి ఈ నాలుగంకెలు చూడడు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజనుందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఏ గాలైనా సరే, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు, తలుపు చట్రం మీద రాసిన లెక్క ప్రకారం పట్టిస్తే చాలు.

సినిమా పంపిణీలో ఉన్న నా మిత్రుడొకరి సెల్లార్‌లో ఈ వాదమే నడుస్తుండగా డ్రైవరు మౌనంగా ఫోను లైటు వేసి వెనక టైరు దగ్గర కూర్చున్నాడు. "ఇరవై రెండు, పదిహేడు అండి" అన్నాడు. 2017. మావాడు ఉలిక్కిపడ్డాడు. "తిరిగింది పదకొండు వేలే కదయ్యా! ఇన్నాళ్లూ చెప్పవేం?"

"టైర్లు మార్చాలంటే షాపు దగ్గర డ్రైవరుకు కమీషనుందని అనుకుంటారండి" అన్నాడతను, లైటు ఆర్పకుండానే.

వారం తర్వాత టైర్లు దించే రోజు నేనూ వెళ్లాను. మిత్రుడు పెద్ద రిమ్ము ఆలోచన మానుకున్నాడు. గుర్తు గురించి మాత్రం ఇంకా గొణుగుతున్నాడు. ప్లాస్టిక్ చుట్టలు విప్పుతుండగానే డ్రైవరు ఒక్కో టైరు ముందు గొంతుక్కూర్చుని అంకెలు పైకి చదివాడు. మూడు ఒకే ఏడాదివి. నాలుగోది రెండేళ్లు పాతది. "ఒక్కటే కదా అన్నా, ఏమైతది?" అన్నాడు షాపు కుర్రాడు. డ్రైవరు జవాబివ్వలేదు. ఆ టైరును నిలబెట్టి, దొర్లించుకుంటూ తీసుకెళ్లి షాపు గుమ్మం లోపల పెట్టొచ్చాడు.