తట్ట మోసినోళ్ల పేర్లేవి?

రాజు లేందే పెద్ద పని జరగదని మనకు బళ్లో చెప్పిండ్రు. నమ్మినం.

మెక్సికో దేశం తబాస్కోలో, అడవి నరికి పశువులు మేపే నేలలో, అగ్వాదా ఫీనిక్స్ అనే పురాతన మాయా కట్టడం బయటపడింది. పండగకు, పూజకు జనం కూడిన మట్టి తిన్నె అది. పొడవు 1,400 మీటర్లు, ఎత్తు 10 నుంచి 15 మీటర్లు. క్రీ.పూ. 1000–800 మధ్య కట్టారని తవ్వినవాళ్లు 2020లో ప్రకటించారు. అక్కడ రాజుల విగ్రహాలు దొరకలేదు. దొరికిన రాతిబొమ్మ అడవిపందిలాంటి జంతువుది! దొరల పెత్తనం పెద్దగా లేకుండానే జనం కలిసి కట్టుకున్నారని వాళ్లంటున్నారు.

మన ఊరి చెరువుకు మాత్రం రాజు పేరే. రాజు తట్ట మోసిండా? పార పట్టిండా?

అందుకే మేమంటున్నాం: వాడల్లో ముసలోళ్లను అడుగుదాం. మన్ను మోసిన తాతల, అవ్వల పేర్లు మనమే రాసుకుందాం.