చదువు ఎక్కకపోతే మొద్దేనా? ముందు రక్తం చూడాలి

ముంబయి తెలుగు చాళ్లలో జూన్‌ వచ్చిందంటే రెండే ముచ్చట్లు. పిల్లాణ్ని ఏ మీడియంలో వేయాలి? ఏడాదంతా బడికెళ్లినా అక్షరం ముక్క రానివాణ్ని ఏం చేయాలి? మొదటిదానిపై రాష్ట్రమంతా రచ్చ జరిగింది. ఒకటో తరగతి నుంచి మూడో భాషగా హిందీ అన్న ఉత్తర్వులను మహారాష్ట్ర ప్రభుత్వం 2025 జూన్‌లో వెనక్కి తీసుకుంది. రెండోదాన్ని పట్టించుకునే నాథుడే లేడు. ‘వీడి బుర్రకెక్కదండీ’ అని టీచరు, ‘మావోడు మొద్దు’ అని తండ్రి. అక్కడితో సరి.

నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు మిగిలింది. వర్లీ, ప్రభాదేవి, లోయర్‌ పరేల్‌ చాళ్లలో మిల్లు కార్మికుల మనవలు, మునిమనవలు పెరుగుతున్నారు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో ఇంగ్లిషు. 2020 చట్టంతో మరాఠీ తప్పనిసరి. ఇన్ని భాషల మధ్య నలిగే పిల్లాడు వెనకబడితే నెపం భాష మీదకో, బుద్ధి మీదకో పోతుంది. రక్తం సంగతి ఎవరికీ తట్టదు.

రక్తంలో దొరికేది, దొరకనిది

ఒక మాట ముందే చెప్పుకోవాలి. డిస్లెక్సియాను పట్టే రక్తపరీక్ష ఏదీ లేదు. ఉందని చెప్పి ఎవరైనా వేలకు వేలు అడిగితే నమ్మొద్దు. అది చదివించి, రాయించి, లెక్కలు చేయించి, చూపు, వినికిడి, తెలివి పరీక్షించి తేల్చాల్సిన విషయం. అయితే చూడటానికి అచ్చం అలాగే కనిపించే కొన్ని లోపాలు మాత్రం రక్తంలోనే దొరుకుతాయి.

అందులో మొదటిది ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, మహారాష్ట్రలో 68.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ఊళ్లో ఉన్నా, ముంబయి వచ్చినా పెద్ద తేడా లేదన్నమాట. ఇనుము రక్తానికే కాదు, మెదడులో నరాల పైపొర తయారీకీ, సంకేతాలు మోసే రసాయనాలకూ కావాలి. అది తగ్గితే పిల్లాడు కూర్చున్నచోటే జోగుతాడు, చెప్పింది నిలవదు. హిమోగ్లోబిన్‌ సరిగ్గానే ఉన్నా ఒంట్లో నిల్వలు ఖాళీ అయి ఉండొచ్చు. ఆ లెక్క ఫెరిటిన్‌ పరీక్ష చెబుతుంది. పొద్దున్నే చాయ్‌లో ఖారీ ముంచి పెట్టి బడికి తోలడం చాళ్లలో మామూలే. తిండితోపాటు చాయ్‌ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటపట్టదు.

రెండోది థైరాయిడ్‌. అయిదు నగరాల్లో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన అధ్యయనంలో ప్రతి 1,130 మంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతోనే ఈ లోపం తేలింది. మొదటి వారాల్లోనే గోళీ మొదలుపెడితే మెదడు నిలుస్తుంది. ఆలస్యమైతే పోయింది పూర్తిగా తిరిగిరాదు.

గోడల్లో సీసం

అసలు భయం సీసంతోనే. 1998-99 కుటుంబ ఆరోగ్య సర్వేలో భాగంగా ముంబయి, ఢిల్లీల్లో మూడేళ్లలోపు పిల్లలు 1,081 మంది రక్తం పరీక్షించారు. 76 శాతం మందిలో డెసిలీటరుకు 5 నుంచి 20 మైక్రోగ్రాముల సీసం ఉంది. పేదింటి పిల్లల్లో 32 శాతం ఎక్కువ. ఇప్పుడు 5 చేరితేనే కారణం వెతకాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2000లో సీసం పెట్రోలు పోయింది, బాధ పోలేదు. దేశంలో 27.5 కోట్ల మంది పిల్లల్లో ఆ పరిమితి దాటిందని 2020లో యూనిసెఫ్‌ అంచనా వేసింది.

ఇంటి రంగుల్లో సీసానికి గట్టి పరిమితి 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పొరలు పొరలుగా వేసిన రంగు పాత చాళ్ల గోడలపైనే ఉంది. వర్లీ బీడీడీ చాళ్లలో తొలి విడతగా 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో కొత్త ఇళ్ల తాళాలిచ్చారు. కామాఠీపురాలో 34 ఎకరాల పునర్నిర్మాణం మ్హాడా చేపట్టింది. అందరూ చదరపు అడుగుల బేరంలో ఉన్నారు. కూల్చేటప్పుడు లేచే రంగు దుమ్ము పక్క గల్లీ పసివాళ్ల నోట్లోకి పోకుండా ఏంచేస్తారో అడిగినవారు లేరు. ఇనుము తక్కువున్న ఒంట్లోకి సీసం ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. సుర్మా, కల్తీ పసుపు సరేసరి.

కూతవేటులో ఆస్పత్రి

మహారాష్ట్రలో అభ్యసన లోపమున్న పిల్లలకు 1996 నుంచే పరీక్షల్లో రాయితీలున్నాయి. అదనపు సమయం ఇస్తారు, అక్షర దోషాలకు మార్కులు కోయరు, రెండో భాష నుంచి మినహాయింపు ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఈ లోపాన్ని చేర్చారు. సర్టిఫికెట్‌ ఇచ్చే పాలిక ఆస్పత్రుల్లో సయన్‌, కేఈఎంతోపాటు నాయర్‌ కూడా ఉంది. కామాఠీపురా నుంచి నాయర్‌కు నడిచే పోవచ్చు. 2007లో ‘తారే జమీన్‌ పర్‌’ సినిమా చాళ్లకూ చేరింది. పరీక్షే ఇంకా చేరలేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో రక్తహీనత, అభ్యసన లోపం రెండూ ఉన్నాయి. బడికి వచ్చిన వైద్య బృందాన్ని ఆ రెండూ చూడమని తల్లిదండ్రులే అడగాలి. ఆస్పత్రిలో కేస్‌ పేపర్‌ తీసినప్పుడు పిల్లాడి నోటు పుస్తకాలు వెంట ఉంచుకోవాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగని ముందే చెప్పాలి. లేకుంటే ఇంగ్లిషు ప్రశ్నకు బిక్కమొహం వేయడాన్నే తెలివితక్కువ కింద రాసేసే ప్రమాదం ఉంది.