కొండకు అడ్డం

ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కితే ఘట్‌కేసర్ నుంచే మొదలవుతాయి హోర్డింగులు. బీబీనగర్ వచ్చేసరికి చేనుకొకటి. వెంచర్లు, విల్లాలు, యాదగిరిగుట్టకు ఇన్ని నిమిషాలు, ఎయిమ్స్‌కు ఇన్ని నిమిషాలు. చిన్నప్పుడు భువనగిరి ఏకశిల కొండ చాలా దూరం నుంచే కనబడేది. కిటికీ పక్క సీటు కోసం అక్కతో కొట్లాడింది అందుకే. ఇప్పుడు దాన్ని ఫ్లెక్సీల సందుల్లోంచి వెతుక్కోవాలి. ఆలేరు దాటాక బోర్డులు పలచబడతాయి. జనగామ దగ్గర మళ్లీ నగల షాపులు, కాలేజీల ర్యాంకులు. గజం ధర ఎక్కడ లేస్తే బోర్డూ అక్కడే లేస్తుంది.

వ్యాపారం ఉన్నచోట ప్రకటన ఉండక తప్పదంటారు. నేను ఒప్పుకోను. హవాయి దీవులు పర్యాటకుల రాకతోనే బతుకుతున్నాయి. బోర్డులకు అంతకన్నా గిరాకీ ఉన్న చోటేది? అయినా అక్కడి దారుల వెంట హోర్డింగులు లేవు. 1912లో హోనలూలూ ఆడవాళ్లు కొందరు ‘అవుట్‌డోర్ సర్కిల్’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పటికి వాళ్లకు ఓటు హక్కు కూడా లేదు. బోర్డుల మీద ప్రకటించే సరుకు మా ఇళ్లకు రాదని వర్తకులకు తేల్చిచెప్పారు. చివరికి మిగిలిన ఒక్క బోర్డుల కంపెనీని తామే కొని మూసేశారు. 1927లో చట్టం వచ్చింది. పదిహేనేళ్ల పట్టుదల అది! తర్వాత వెర్మాంట్, మెయిన్, అలాస్కా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అమెరికాలో మిగతా రాష్ట్రాల్లో మాత్రం బోర్డులు నిలిచే ఉన్నాయి. దేశం ఒక్కటే, కొనే జనం ఒక్కటే, కంపెనీలూ అవే. తేడా అల్లా అక్కడి జనం వద్దన్నారా లేదా అన్నదే.

మనమూ వద్దనగలం. నేల నుంచి 15 అడుగుల ఎత్తు మించి ప్రకటన ఉండకూడదని 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ నగరానికి ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి హద్దు ఎంత అవసరమో ముంబయి ఘాట్‌కోపర్‌లో తెలిసింది. 2024 మే 13న గాలివానకు అక్కడి పెట్రోలు బంకు మీద హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. అనుమతించే కొలత 40 అడుగులకు 40 అడుగులు. అది 120కి 120.

చేలో బోర్డుకు చోటిచ్చిన రైతును తప్పుపట్టలేను. వాన పడ్డా పడకపోయినా ఆ అద్దె వస్తుంది. నా కోపమంతా రోడ్డు వేసి, దాని పక్క చూపును గాలికి వదిలేసిన వాళ్ల మీద. ఊరి చివర హోటలు నడిపేవాడికి దారి చెప్పే బోర్డు కావాలి, నిజమే. వెర్మాంట్ 1968లో హోర్డింగులను నిషేధించినప్పుడు ఆ సంగతీ ఆలోచించింది. పేరు, బాణం గుర్తు, ఎంత దూరమో చెప్పే చిన్న పలకలను ప్రభుత్వమే నిలబెడుతుంది. పెద్ద హోటలుకైనా, తోటలో పళ్లమ్మే రైతుకైనా కొలత ఒక్కటే. బీబీనగర్ దగ్గర అలాంటి పలకలు పెడితే ఏ చిరు వ్యాపారీ నష్టపోడు, భువనగిరి కొండా మళ్లీ బస్సులోంచి కనబడుతుంది.