ఇద్దరే మిగిలితే...

ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకుంటూ, తార్నాకలో గది అద్దెకు తీసుకుని రాక్ బ్యాండ్ పెట్టుకునే కుర్రాళ్లకి అసలు కష్టం ఇంటి ఓనరు కాదు. పరీక్షలు దగ్గరపడగానే ఒకడు తప్పుకుంటాడు. ఉద్యోగం రాగానే ఇంకొకడు బెంగళూరు బండెక్కేస్తాడు. చివరికి మిగిలేది ఇద్దరు. ఇద్దరితో ఠాగూర్ ఆడిటోరియం వేదికెక్కితే ఏం బావుంటుందని గిటార్లు అటకెక్కించేస్తారు.

అమెరికాలో ఇద్దరు కుర్రాళ్లు అలా అటకెక్కించలేదు. షికాగోకి ఉత్తరాన, మిచిగన్ సరస్సు ఒడ్డున జయాన్ అనే చిన్న ఊరుంది. అక్కడి హైస్కూలు స్నేహితులు 1987లో పెట్టుకున్న బ్యాండ్ 'లోకల్ హెచ్'. 1993లో బేస్ గిటారిస్టు మానేశాడు. పాడుతూ గిటార్ వాయించే స్కాట్ లూకస్, డ్రమ్స్ వాయించే జో డేనియల్స్ మిగిలారు.

కొత్తవాణ్ని తెచ్చుకోలేదు. లూకస్ తన గిటార్‌కే బేస్ పికప్ ఒకటి అదనంగా బిగించుకున్నాడు. తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే చిన్న పరికరమది. మందపు తీగల ధ్వని దాన్నుంచి బేస్ ఆంప్లిఫయర్‌కి పోతుంది, మిగతాది మామూలు ఆంప్లిఫయర్‌కి. కళ్లు మూసుకుని వింటే ముగ్గురున్నారనే అనుకుంటాం! మన రాజ్-కోటీ ఇద్దరే గానీ, వాళ్ల వెనక వాద్యబృందం ఉండేది. వీళ్ల వెనక ఉన్నది గోడే. తార్నాక గదిలోనూ ఈ ఏర్పాటు చేసుకోవచ్చు. కింది వాటావాళ్ల ఓపిక వేరే సంగతి.

1996లో ఐలాండ్ రికార్డ్స్ వేసిన 'యాజ్ గుడ్ యాజ్ డెడ్' ఆల్బమ్‌లోని 'బౌండ్ ఫర్ ద ఫ్లోర్' పాట రేడియోల్లో మోగిపోయింది. దాంతో 1998లో 'ప్యాక్ అప్ ద క్యాట్స్'కి 'క్వీన్' బృందంతో పనిచేసిన రాయ్ థామస్ బేకర్‌నే నిర్మాతగా తెచ్చుకున్నారు. ఓ రాక్ గాయకుడు పైకొచ్చి కిందపడే కథ అది. విచిత్రమేమిటంటే, బ్యాండ్ బతుకూ అలాగే అయింది. ఆ ఏడాది చివర్లోనే ఐలాండ్ మాతృసంస్థ పాలీగ్రామ్‌ని సీగ్రామ్ కొనేసి యూనివర్సల్‌లో కలిపేసింది. సీగ్రామ్ అంటే విస్కీ వ్యాపారంతో పెరిగిన కంపెనీ. ఉద్యోగులు పోయారు, ఎన్నో బ్యాండ్లు వీధిన పడ్డాయి. 'క్యాట్స్'ని పట్టించుకునే నాథుడే లేకుండా పోయాడు. 1999లో డేనియల్స్ కూడా వెళ్లిపోయాడు. ఇద్దరున్న చోట ఒకరు పోతే సగం బ్యాండ్ పోయినట్టే కదా.

లూకస్ ఆపలేదు. బ్రయాన్ సెయింట్ క్లెయిర్‌ని డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టుకుని 2002లో 'హియర్ కమ్స్ ద జూ' తెచ్చాడు. ఈసారి వేసింది పామ్ పిక్చర్స్. ఐలాండ్‌ని స్థాపించిన క్రిస్ బ్లాక్‌వెల్ పెట్టిన మరో సంస్థే! ఆ తర్వాత అన్నీ చిన్న కంపెనీలే. 2013లో మాస్కోలో దొంగలు దాడిచేస్తే లూకస్ స్వరతంతువులు దెబ్బతిన్నాయి. పాడేవాడికి అంతకన్నా ఏం కావాలి? గొంతు కోలుకుంది. అదే ఏడాది డ్రమ్స్‌కి ర్యాన్ హార్డింగ్ వచ్చాడు. 2020 ఏప్రిల్‌లో, కరోనాతో కచేరీలన్నీ ఆగిపోయిన రోజుల్లో, 'లైఫర్స్' విడుదలైంది. లైఫర్స్ అంటే యావజ్జీవ ఖైదీలు.

బేస్ గిటారిస్టు చోటు మాత్రం అలాగే ఖాళీగా ఉంచేశారు.